ఇబ్నె బతూతా: పరాయి గడ్డపై హలాల్ ముద్ద

చదువు కోసమో, కొలువు కోసమో ఇంట్లో ఒకరు విదేశానికి బయలుదేరుతున్నారంటే మన ఇళ్లలో ముందుగా హడావుడి మొదలయ్యేది వంటగదిలోనే. పచ్చళ్ల సీసాలు, మసాలా పొట్లాలు, వేయించిన సేమియా, అటుకులు అన్నీ పెట్టెలోకి చేరతాయి. ఆ పెట్టె సర్దే తల్లి మనసులో మాత్రం ఒకే దిగులు ఉంటుంది. ఇవి అయిపోయాక బిడ్డ ఏం తింటాడు? హలాల్ భోజనం దొరుకుతుందా, దొరక్క పస్తులుంటాడా, లేక మొహమాటానికి ఏదో ఒకటి తినేస్తాడా?

నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి వైద్యవిద్యకు చైనా వెళుతున్నప్పుడు అతని తల్లి నన్ను ఇదే అడిగింది. ఆ రోజు ఆమెకు నేను ఫత్వా చెప్పలేదు. దాదాపు ఏడు వందల సంవత్సరాల క్రితం, చేతిలో పచ్చడి సీసా కూడా లేకుండా ఇల్లు విడిచి చైనా దాకా వెళ్లి వచ్చిన ఒక ముసాఫిర్ కథ చెప్పాను. ఆయన పేరు ఇబ్నె బతూతా. ఆ కథనే ఈ శుక్రవారం పాఠకుల ముందు ఉంచుతున్నాను.

ఒంటరి ప్రయాణం

ఆయన పూర్తి పేరు అబూ అబ్దుల్లాహ్ ముహమ్మద్ బిన్ అబ్దుల్లాహ్. మొరాకో దేశంలో సముద్రతీరాన ఉన్న తంజా నగరంలో, నేటి టాంజియర్‌లో, 1304లో జన్మించారు. వారిది ఖాజీల కుటుంబం. బాల్యం నుంచీ ధర్మశాస్త్రం చదువుకున్నారు. ఆ ప్రాంతంలో అందరూ అనుసరించే ఇమామ్ మాలిక్ గారి మజ్‌హబే ఆయనదీను.

1325 జూన్‌లో, 21 ఏళ్ల వయసులో, హజ్ చేయాలన్న తపనతో ఇల్లు విడిచారు. వెంట స్నేహితుడు లేడు, బిడారు లేదు. తల్లిదండ్రులు ఇద్దరూ బతికే ఉన్నారు. వారిని వదలి వెళ్లడం ఎంతో భారంగా తోచిందని తరువాత చెప్పుకున్నారు. ఆ తల్లిదండ్రులను మళ్లీ చూసే భాగ్యం ఆయనకు కలగలేదు. 1349లో స్వదేశానికి తిరిగి వచ్చేసరికి ఇద్దరూ అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు.

దారిలోనే జ్వరం పట్టుకుంది. నీరసంతో పడిపోతానేమోనని తలపాగా గుడ్డతో తనను తాను జీనుకు కట్టుకుని ప్రయాణం సాగించారు. అలా ట్యూనిస్ చేరుకున్నారు. బిడారులోని వారిని పలకరించడానికి ఊరివారు ఎదురు వచ్చారు. ఒకరికొకరు సలాములు చేసుకుంటున్నారు, కుశలప్రశ్నలు వేసుకుంటున్నారు. ఈ యువకుణ్ణి పలకరించేవారు ఒక్కరూ లేరు. దుఃఖం ఆపుకోలేక ఏడ్చేశారు. అది గమనించిన ఒక యాత్రికుడు దగ్గరకు వచ్చి సలాం చేసి, ఊళ్లోకి చేరేదాకా మాటలతో ఓదార్చాడు.

ఇబ్నె బతూతా జీవితమంతా ఈ చిన్న సంఘటనలోనే ఉందనిపిస్తుంది. పరాయి ఊళ్లో మనిషికి ఆకలి ఒక్కటే కష్టం కాదు. సలాం చెప్పేవాడు లేకపోవడం అంతకంటే పెద్ద కష్టం. సలాం చెప్పేవాడు దొరికితే భోజనం దానంతట అదే దొరుకుతుంది.

ఎవరూ ఒంటరిగా ఇఫ్తార్ చేయని ఊరు

1326లో రమజాన్ మాసంలో ఆయన డమాస్కస్ చేరుకున్నారు. ఆ నగరంలో రమజాన్ రాత్రులలో ఎవరూ ఒంటరిగా ఇఫ్తార్ చేయరని ఆయన నమోదు చేశారు. ధనికులు బంధుమిత్రులను, బీదలను ఇళ్లకు పిలిచేవారు. సామాన్యులు ఒక ఇంటనో, మస్జిద్‌లోనో చేరి, ఎవరికి కలిగింది వారు తెచ్చి కలసి తినేవారు. మాలికీ ధర్మవేత్త ఒకరు ఈయనను రోజూ తమ ఇంటికే ఇఫ్తార్‌కు రమ్మన్నారు. నాలుగు రాత్రుల తరువాత జ్వరం వచ్చి ఈయన వెళ్లలేకపోతే, ఆ పెద్దాయన వెతికించి ఇంటికి తీసుకువెళ్లి, వైద్యం చేయించి, పండుగ దాకా కన్నబిడ్డలా చూసుకున్నారు.

ఆ నగరంలోని వఖ్ఫులను చూసి ఆయన ఆశ్చర్యపోయారు. హజ్‌కు వెళ్లలేని వారి తరఫున హజ్ చేయించడానికి ఒక వఖ్ఫు, బీద ఆడపిల్లల పెళ్లిళ్లకు ఒకటి, బాటసారుల భోజనానికి, బట్టలకు, తిరుగు ప్రయాణ ఖర్చులకు మరొకటి ఉండేవి. ఒక రోజు వీధిలో ఒక బానిస బాలుడి చేతిలోంచి చైనా పింగాణీ పళ్లెం జారి పగిలిపోయింది. యజమాని కొడతాడని వణికిపోతున్న ఆ పిల్లవాడిని జనం ఓదార్చి, పగిలిన పాత్రల కోసమే ఏర్పాటైన వఖ్ఫు అధికారి దగ్గరకు తీసుకువెళ్లారు. ముక్కలు చూపించగానే ఆయన కొత్త పళ్లెం కొనుక్కోవడానికి డబ్బు ఇచ్చాడు.

నేటి తుర్కియేలో ఆయనకు మరో విచిత్రమైన అనుభవం ఎదురైంది. అక్కడ అఖీలు అనే వృత్తిపనివారి సంఘాలు ఉండేవి. సంఘంలోని యువకులు పగలంతా కష్టపడి, అసర్ నమాజ్ తరువాత ఆనాటి సంపాదన తమ నాయకుడికి అప్పగించేవారు. దానితో పండ్లు, భోజన సామగ్రి కొనేవారు. ఊరికి ముసాఫిర్ వస్తే ఆ భోజనం అతనితో కలసి తినేవారు, ఎవరూ రాకపోతే తామే తినేవారు. ఒక ఊరిలో రెండు అఖీ సంఘాలవారు ఈయన గుర్రం కళ్లెం పట్టుకుని పెనుగులాడారు, కత్తులు కూడా దూశారు. భాష తెలియని ఇబ్నె బతూతా వారిని దొంగలనుకుని హడలిపోయారు. చివరకు అరబ్బీ తెలిసిన ఒక హాజీ వచ్చి, వీరు దోచుకోవడానికి కాదు, అతిథిగా తీసుకువెళ్లడానికే కొట్లాడుతున్నారని చెప్పాడు. చీట్లు వేసి వంతులు తేల్చుకున్నారు.

కుందేలు పరీక్ష

ముస్లిం దేశంలోనూ భోజనం చిక్కు తెచ్చిపెట్టవచ్చని సినోప్ పట్టణంలో ఆయనకు తెలిసివచ్చింది. ఆ ఊరివారు హనఫీలు. మాలికీలలో చాలామంది లాగే ఈయన, ఈయన మిత్రులు నమాజ్‌లో చేతులు కట్టుకోకుండా వదలి నిలబడేవారు. హనఫీ పద్ధతి తప్ప మరొకటి చూడని ఆ ఊరివారు వీరిని షియాలేమోనని అనుమానించారు. ఎంత వివరించినా నమ్మలేదు. షియాలు కుందేలు మాంసం తినరు. అందుచేత అక్కడి అధికారి ఒక కుందేలును పంపి, ఏం చేస్తారో చూసి రమ్మని నౌకరును వెంట ఉంచాడు. వీరు దానిని జిబహ్ చేసి వండుకుని తిన్నారు. అనుమానం తీరిపోయింది, ఆదరణ మొదలయింది.

పళ్లెంలోని ఆహారాన్ని బట్టి మనిషిని తూచడం ఎంత తేలికో ఈ సంఘటన చెబుతుంది. ఇబ్నె బతూతా కోపగించుకోలేదు. కుందేలు నాలుగు మజ్‌హబుల్లోనూ హలాలే. తినడంలో తప్పు లేదు గనుక తిన్నారు, తగవు ముగించారు.

కాదనడంలో మర్యాద

అక్కడి నుంచి ఆయన నల్లసముద్రం దాటి, సుల్తాన్ ఉజ్‌బెక్ ఖాన్ ఏలుబడిలోని తుర్కుల మైదానాలకు వెళ్లారు. గుర్రాలు, గుడారాలు, ఎడ్లబండ్లతో సాగే జీవితం వారిది. వారు ముస్లింలే. కాని జొన్న జాతికి చెందిన చిరుధాన్యంతో పులియబెట్టిన ఒక పానీయం తాగేవారు. దానిని బూజా అనేవారు. హనఫీ మజ్‌హబు ప్రకారం ఇది తాగవచ్చని వారి వాదన. మాలికీ మజ్‌హబులో మత్తు కలిగించేది ఏదైనా చుక్కయినా నిషిద్ధమే. తరువాతి హనఫీ ఉలమాలు కూడా ఇమామ్ ముహమ్మద్ గారి అభిప్రాయాన్ని స్వీకరించి అదే ఫత్వా ఇచ్చారు. ఇబ్నె బతూతాకు అదేమిటో ముందు తెలియదు. నోట పెట్టగానే పుల్లగా తోచింది, పక్కన పెట్టేశారు. ఆ తరువాతే విచారించి అది దేనితో చేస్తారో తెలుసుకున్నారు.

మరోసారి ఖాన్ గారి పెద్ద రాణి గుర్రపు పాలను పులియబెట్టిన ఖుమిజ్‌ను స్వయంగా తన చేతితో అందించింది. రాణి చేతితో ఇవ్వడమంటే వారి ఆచారంలో గొప్ప మర్యాద. అది ఆయన అంతకు ముందు ఎప్పుడూ తాగని పానీయం. గిన్నె అందుకున్నారు, కొంచెం రుచి చూశారు, నచ్చక పక్కనున్న మిత్రుడికి ఇచ్చేశారు. ఉపన్యాసం లేదు, ముఖం చిట్లించుకోవడం లేదు. విదేశాల్లో నాలుగు విందులకు వెళ్లవలసి వచ్చే మన పిల్లలు నేర్చుకోవలసిన మర్యాద ఇది. ఇచ్చేవారి చేయి తోసివేయకూడదు, మన నియమమూ వదులుకోకూడదు.

రాణిగారి ఊళ్లో

ఉజ్‌బెక్ ఖాన్ రాణులలో మరొకరు బయలూన్. ఆమె కాన్‌స్టాంటినోపుల్ క్రైస్తవ చక్రవర్తి కుమార్తె. పురిటికి పుట్టింటికి బయలుదేరిన ఆమె పరివారంతో కలసి ఇబ్నె బతూతా కూడా ఆ మహానగరం చూడాలని వెళ్లారు. ఖాన్ రాజ్యంలో ఉన్నంతవరకు రాణిగారి వెంట గుడారపు మస్జిద్ ఉండేది, అజాన్ వినిపించేది. సరిహద్దు కోట దగ్గరకు రాగానే మస్జిద్‌ను అక్కడే వదిలేశారు, అజాన్ ఆగిపోయింది. విందు సామగ్రిలో మద్యం, పంది మాంసం వచ్చాయి. రాణి వాటిని స్వీకరించిందని ఆమె పరిచారకుల ద్వారా తెలిసింది. వీరితో కలసి నమాజ్ చేసే తుర్కు ఒక్కడే మిగిలాడు.

ఒక్క రాత్రిలో దారి, తోడు, భోజనం అన్నీ మారిపోయాయి. అయినా ఇక్కడొక విషయం గమనించాలి. ఇబ్నె బతూతాను గౌరవంగా చూసుకోవాలని తన మనుషులకు రాణి ప్రత్యేకంగా ఆజ్ఞాపించింది. వీరి నమాజ్‌ను చూసి నవ్విన ఒక నౌకరుకు దెబ్బలు పడ్డాయి. నగరం చేరాక వీరి బసకు పిండి, రొట్టె, గొర్రెలు, కోళ్లు, నెయ్యి, పండ్లు, చేపలు పంపించింది. నెలకు పైగా అక్కడ ఉన్నారు. వండి సిద్ధమైన విందుల కంటే ఇలాంటి సరుకే ముసాఫిర్‌కు మేలు. తన పొయ్యి మీద తానే వండుకోవచ్చు. ఈనాడు మన విద్యార్థులు నలుగురు కలసి ఒక గది తీసుకుని వంతులవారీగా వండుకోవడం కూడా ఈ దారే.

ఢిల్లీలో కరువు, ఒక వంటశాల

1333 సెప్టెంబరులో ఆయన సింధు నది ఒడ్డుకు చేరుకున్నారు. ఢిల్లీలో సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఆయనను ఖాజీగా నియమించారు. మన దేశపు భోజనాన్ని ఆయన ఎంతో ఆసక్తితో వర్ణించారు. పెసరపప్పు, బియ్యం కలిపి వండిన ఖిచిడీని నెయ్యి వేసుకుని ఉదయమే తినడం, మసాలా కలిపిన కైమాను పిండిలో చుట్టి నేతిలో వేయించిన సమోసా, ఉప్పులో ఊరవేసిన పచ్చి మామిడి, పనస, నేరేడు అన్నీ ఆయన రాతలో కనిపిస్తాయి. నేడు మన ఇళ్లలో సహరీకి ఖిచిడీ, ఇఫ్తార్‌కు సమోసా పెట్టుకున్నప్పుడు అవి ఎంత పాత రుచులో గుర్తు చేసుకోవచ్చు.

ఆ రోజుల్లోనే దక్షిణాదిన మాబర్‌లో తిరుగుబాటు అణచడానికి సుల్తాన్ సైన్యంతో కదిలారు. తెలంగాణ ప్రాంతానికి రాగానే సైన్యంలో మహమ్మారి చెలరేగి ఎందరో మరణించారు, సుల్తాన్ వెనుదిరిగారు. ఉత్తరాన అదే కాలంలో భయంకరమైన కరువు వచ్చింది. జనం చచ్చిన గుర్రం తోలు కూడా తిన్న దృశ్యాన్ని ఇబ్నె బతూతా కళ్లారా చూశారు.

అప్పుడు ఆయన చేతిలో ఒక బాధ్యత ఉంది. సుల్తాన్ కుత్‌బుద్దీన్ సమాధి నిర్వహణ ఆయనకు అప్పగించారు. ఖుర్‌ఆన్ పారాయణం చేసేవారు, విద్యార్థులు, నౌకర్లు కలసి అక్కడ 460 మంది. వారికోసం రోజుకు 12 మణుగుల పిండి, అంతే మాంసం మంజూరైంది. అది చాలదని గ్రహించిన ఆయన పిండిని 35 మణుగులకు, మాంసాన్ని 35 మణుగులకు పెంచారు. చక్కెర, నెయ్యి, తాంబూలం వీటికి అదనం. జీతగాళ్లకే కాక వచ్చిన బాటసారులకు, ఆకలిగొన్నవారికి కూడా వడ్డించారు. ఇన్నేళ్లూ ఇతరుల దస్తర్‌ఖాన్ మీద తిన్న ముసాఫిర్ తన వంతు రాగానే తానే దస్తర్‌ఖాన్ పరిచారు.

ఆయన లోపాలు లేని మనిషి కాదు. ఢిల్లీలో ఆడంబరంగా జీవించి పెద్ద అప్పుల్లో కూరుకుపోయారు. అయినా కరువులో పెట్టిన ఆ అన్నం ఆయన ఖాతాలో చిన్నది కాదు.

శనగల సంచీ

1342లో సుల్తాన్ ఆయనను చైనా చక్రవర్తి వద్దకు రాయబారిగా పంపారు. నేటి అలీగఢ్ ప్రాంతం దాటకముందే తిరుగుబాటుదారుల చేతికి చిక్కి, తప్పించుకుని, ఒంటరిగా అడవుల్లో తిరిగారు. రేగుపళ్లు, ముల్లంగి ఆకులు తిని ప్రాణం నిలబెట్టుకున్నారు. ఒక బావి దగ్గర చేద లేకపోతే తలపాగా గుడ్డ కట్టి, తన బూటును బావిలోకి వదలి నీళ్లు తోడుకున్నారు. బూటు ఊడి బావిలో పడిపోయింది. రెండవ బూటు కట్టి మళ్లీ తోడారు.

అంతలో చేతిలో కర్ర, భుజాన సంచీతో ఒక నల్లని మనిషి వచ్చి సలాం చేశాడు. సంచీలోంచి గుప్పెడు వేయించిన నల్ల శనగలు, కాసిని బియ్యం తీసి పెట్టాడు. నడవలేని ఈయనను భుజాన ఎత్తుకుని నడిచాడు. నిద్రలోకి జారిన ఇబ్నె బతూతా కళ్లు తెరిచేసరికి ఒక ఊరి దగ్గర ఉన్నారు, ఆ మనిషి మాత్రం కనిపించలేదు. ట్యూనిస్‌లో ఒక సలాం, ఇక్కడ ఒక సలాం. రెండు చోట్లా ప్రాణం లేచివచ్చింది.

మలబారు దారిలో ముస్లిం ఇళ్లు

అక్కడి నుంచి పడమటి తీరం వెంబడి దక్షిణానికి సాగారు. హొన్నావర్ సుల్తాన్ దస్తర్‌ఖాన్ మీద అన్నం, నెయ్యి, మిరియాలు, అల్లం, నిమ్మ, మామిడి ఊరగాయలు, కోడి, చేప, చివర పెరుగు వరుసగా వడ్డించే తీరును ఆయన పూసగుచ్చినట్లు వర్ణించారు. మనకు అది పండుగ భోజనం. రొట్టె తిని పెరిగిన ఆయనకు మాత్రం నెలల తరబడి రొట్టె ముఖం చూడకపోవడం కష్టమయింది. మలబారు, మాల్దీవులు, సింహళం, మాబర్‌లలో మూడేళ్లు అన్నమే తిని, చివరకు నీళ్లతో తప్ప మింగుడుపడని స్థితి వచ్చిందట. హలాల్ దొరికినంత మాత్రాన కష్టం తీరిపోదు, నాలుక కూడా అలవాటు పడాలి. విదేశానికి వెళ్లేవారు ముందే మనసులో ఉంచుకోవలసిన విషయం ఇది.

ఆ కాలంలో మలబారులోని హిందువులు ముస్లింలను తమ ఇళ్లలోకి రానిచ్చేవారు కాదు, తమ పాత్రల్లో తిననిచ్చేవారు కాదు. దారి పొడవునా చలివేంద్రాలు ఉండేవి. హిందువులకు పాత్రలో నీళ్లు ఇచ్చేవారు, ముస్లింలకు దోసిట్లో పోసేవారు. ముస్లింలు లేని చోట అన్నం వండి అరటి ఆకులో వడ్డించేవారు. అంటు ఉంది, కాని ఆకలితో పంపించడం లేదు. ఈ రెండింటినీ ఇబ్నె బతూతా దాచకుండా రాశారు.

దీనికి పరిష్కారం కూడా ఆ దారిలోనే ఉంది. ప్రతి మజిలీలోనూ ఒక ముస్లిం ఇల్లు ఉండేది. ముసాఫిర్లు అక్కడ దిగి, కావలసిన సరుకు కొనిస్తే ఆ ఇంటివారు వండిపెట్టేవారు. ఆ ఇళ్లే లేకపోతే ఆ దేశంలో ముస్లిం ప్రయాణం చేయడమే సాధ్యం కాదని ఆయన తేల్చి చెప్పారు. ఆ ఇళ్లవారి పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. కాని ఇంత పెద్ద యాత్ర వారి పొయ్యి మీదే సాగింది.

చైనాలో సొంత మనుషులు

మాల్దీవులలో కొంతకాలం ఖాజీగా పనిచేసి, సింహళం, బంగాళం, సుమత్రాల మీదుగా 1345 ప్రాంతంలో ఆయన చైనా చేరుకున్నారు. చైనాలో ఆయన చెప్పిన దూరాలు, దారులపై చరిత్రకారులకు కొన్ని సందేహాలున్నాయి. కాని అక్కడి ముస్లిం పేటల గురించి ఆయన చెప్పినదానికి ఆధారాలున్నాయి. ఆయన ఓడ దిగిన జైతూన్ రేవు నేటి చువాన్‌జౌ నగరం. 1009లో కట్టిన మస్జిద్ అక్కడ నేటికీ నిలిచి ఉంది.

చైనా సంపద, పింగాణీ, పట్టు, బాటసారులకు ఉన్న భద్రత ఆయనకు ఎంతో నచ్చాయి. అయినా అక్కడ ఆయన మనసు నిలవలేదు. బజారులో పంది మాంసం, కుక్క మాంసం బాహాటంగా అమ్మడం చూసి కలతపడి, అవసరమైతే తప్ప బస వదిలేవారు కాదు. ఒక ముస్లిం కనిపిస్తే సొంత బంధువును కలుసుకున్నంత సంతోషం కలిగేది.

ప్రతి పెద్ద నగరంలోనూ ముస్లింలకు ప్రత్యేకంగా ఒక పేట, జుమా మస్జిద్, ఖాజీ ఉండేవారు. కొత్తగా వచ్చిన ముస్లిం వర్తకుడు సత్రంలో దిగవచ్చు లేదా అక్కడే స్థిరపడిన ముస్లిం వర్తకుని ఇంట దిగవచ్చు. దూరదేశంలో ఉన్న ఆ వర్తకులు కొత్త ముస్లిం రాగానే ఎంతో సంబరపడి, తమ జకాతు కూడా అతనికే ఇచ్చేవారు. హాంగ్‌జౌ నగరంలో ఈజిప్టు నుంచి వచ్చి స్థిరపడిన ఒక వర్తక కుటుంబం వారి ఇంట ఆయన 15 రోజులు ఉన్నారు. రోజుకొక విందు జరిగింది.

ఆ నగరంలోనే మరో విశేషం జరిగింది. చైనా చక్రవర్తి తరఫున అక్కడ పాలిస్తున్న ఖుర్తయ్ అనే మహా అమీర్ వీరికి విందు చేశాడు. ఆ విందుకోసం ప్రత్యేకంగా ముస్లిం వంటవారిని రప్పించి, వారి చేతనే జిబహ్ చేయించి, వారితోనే వండించాడు. అతిథి ధర్మాన్ని తెలుసుకుని, దానిని గౌరవించి పెట్టిన అన్నం అది. అడగడానికి సిగ్గుపడేవారు ఈ సంఘటన గుర్తుంచుకోవాలి. మన నియమం మర్యాదగా చెబితే గౌరవించేవారు అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

ఎడారి అవతల

1349లో స్వదేశం చేరిన తరువాత కూడా ఆయన కాలు నిలవలేదు. 1352లో సహారా ఎడారి దాటి మాలీ రాజ్యానికి వెళ్లారు. అక్కడ మొదటి విందుగా సొరబుర్రలో తేనె, పెరుగు కలిపిన చిరుధాన్యపు పిండి పెట్టారు. దీనికోసమా ఇంత దూరం వచ్చామని ఆయన చిన్నబుచ్చుకున్నారు. సుల్తాన్ పంపిన కానుక అంటే బట్టలు, డబ్బు అనుకున్నారు. తీరా వచ్చింది మూడు రొట్టెలు, వేయించిన ఎద్దు మాంసం ముక్క, సొరబుర్రలో పెరుగు. ఆయన పకపకా నవ్వేశారు. నిజానికి ఆ ఎడారి దేశపు ఇంటివారు తాము తినేదే పెట్టారు. రాజుల దస్తర్‌ఖాన్‌లకు అలవాటు పడిన ఆయన నాలుక అప్పుడు న్యాయం చేయలేదనే చెప్పాలి.

మాలీలో కంద వంటి దుంపతో చేసిన జావ తిని ఆరుగురు జబ్బుపడ్డారు. ఒకరు మరణించారు. ఆయన ఫజర్ నమాజ్‌లోనే స్పృహతప్పి పడిపోయి రెండు నెలలు మంచాన ఉన్నారు. ఆహారం హలాల్ అయితే చాలదు, శరీరానికి పడేదిగా, శుభ్రమైనదిగా కూడా ఉండాలి. దివ్యఖుర్‌ఆన్ హలాల్‌తో పాటు తయ్యిబ్ అనే మాట చేర్చడంలోని అర్థం ఇదే. అయినా అక్కడివారి న్యాయాన్ని, దారుల భద్రతను, జుమా నమాజ్‌కు తెల్లని బట్టలు కట్టుకుని ముందుగా వచ్చే తీరును, పిల్లల చేత ఖుర్‌ఆన్ కంఠస్థం చేయించే పట్టుదలను ఆయన మనసారా మెచ్చుకున్నారు.

తిన్న అన్నం రుణం

ఆ తరువాత మొరాకో సుల్తాన్ అబూ ఇనాన్ ఆజ్ఞపై ఆయన తన యాత్రలన్నీ చెప్పగా, ఇబ్నె జుజయ్ అనే పండితుడు గ్రంథస్థం చేశారు. 1355 డిసెంబరులో అది పూర్తయింది. ఆయన తిరిగిన దూరం దాదాపు 1,17,000 కిలోమీటర్లని అంచనా. శేషజీవితం సొంత దేశంలో ఖాజీగా గడిపి 1369 ప్రాంతంలో కన్నుమూశారు.

ఆ చైనా అబ్బాయి తల్లికి ఈ కథ చెప్పాక మరో మాట కూడా చెప్పాను. నేటికీ చైనాలో హుయీ ముస్లింల హోటళ్లపై చింగ్‌జెన్ అనే రెండు చైనా అక్షరాలు ఉంటాయి, అవి హలాల్ గుర్తు, వాటిని ఒక కాగితం మీద రాయించి కుర్రవాడి జేబులో పెట్టమన్నాను. ఎక్కడికి వెళ్లినా ముందు మస్జిద్ ఎక్కడుందో అడగమన్నాను, జుమాకు వెళ్లి సలాం చెప్పమన్నాను. ఏమీ తేలని రోజున చేప, గుడ్డు, పప్పు, పండ్లు ఉన్నాయి. సందేహం ఉన్నదాన్ని మర్యాదగా వద్దనవచ్చు. ఈ నాలుగు ముక్కలు తెలిసిన బిడ్డ పస్తులుండడు, దారీ తప్పడు.

అయితే మన వంతు ఇంకొకటి మిగిలి ఉంది. మన బిడ్డలు ఎక్కడో ఎవరి ఇంటనో అన్నం తింటున్నప్పుడు, మన ఊళ్లోనూ ఎవరి బిడ్డలో ఉంటారు. మన హైదరాబాదులోనే ఆఫ్రికా, అరబ్బు దేశాల నుంచి వచ్చిన విద్యార్థులున్నారు. బీహారు, బెంగాల్ నుంచి వచ్చి భవనాలు కట్టే కూలీలున్నారు. జుమా నమాజ్ అయ్యాక వారు మస్జిద్ మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటూ ఒంటరిగా నిలబడతారు. ట్యూనిస్‌లో ఏడ్చిన ఆ 21 ఏళ్ల యువకుడు వారిలో ఉన్నాడేమో చూడండి. ఈ శుక్రవారం ఒక సలాం చెప్పండి, వీలైతే ఇంటికి తీసుకువచ్చి ఒక పూట అన్నం పెట్టండి. మలబారు దారిలోని ఆ పేరులేని ఇళ్ల వరుసలో మన ఇల్లు కూడా ఒకటి కావాలి.